పడమర హద్దు నీలం గేటు

ఎవరిదో వంశం తవ్వడానికి నేనొక చలికాలం మొత్తం ధారపోశాను. అది నా వంశం కాదు, నా దేశం కాదు, నా మతమూ కాదు. తవ్వి తీసి, శుభ్రంగా తుడిచి, ఫైల్లో పెట్టి చేతికిచ్చాక తెలిసింది, నన్ను ఎప్పుడో లెక్కలోంచి తీసేశారని. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండుతోందో మాత్రం ఒక్కోసారి నాకే తేలదు.

అప్పుడు మేం మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. 2006 చివరి సంగతి ఇది. మా ఆయన కార్లకు విడిభాగాలు చేసే చోట ఇంజనీరు. నాది డిపెండెంట్ వీసా. ఆ వీసా మీద అన్నం వండుకోవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు, లైబ్రరీకి పోయి పుస్తకాలు తెచ్చుకోవచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. గుంటూరులో ఉన్నప్పుడు నేను పనిమంతురాలిని. మా నాన్న దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో ఆయనకో బల్ల ఉండేది. పెళ్ళికి ముందు ఆరేళ్ళు ఆ బల్లకు ఇవతలి పక్క నేను కూర్చున్నాను. ఒక పొలం ఎవరి నుంచి ఎవరికి పోయిందో, పాత కాగితాలు పట్టుకుని ముప్ఫై నలభై ఏళ్ళు వెనక్కి నడిచేదాన్ని. "అమ్మినవాడూ కొన్నవాడూ ఏదో ఒకటి రాయిస్తారమ్మా, నువ్వు హద్దులు చూడు, సాక్షుల్ని చూడు" అనేవాడు నాన్న. అమెరికాలో నాకు చూడటానికి హద్దుల్లేవు, సాక్షుల్లేరు. కిటికీలోంచి మంచు చూసేదాన్ని. అంతకుముందు చలికాలం ఊరికే ఏడ్చేదాన్ని. ఎందుకని మా ఆయన అడిగితే చెప్పడానికి కారణం ఉండేది కాదు.

మా గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో డెబ్బై మూడేళ్ళ ఆవిడ ఒక్కతే ఉండేది. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది, భర్త పోయాడు. పేరు పెట్టి పిలవమని పోరేది కానీ నాకు నోరొచ్చేది కాదు. ఇంట్లో మేం మామ్మగారు అనుకునేవాళ్ళం. ఒకరోజు ఆ మాట ఆవిడకు చెప్పాను. అర్థం అడిగి తెలుసుకుని, తనకు ఆ పేరే బాగుందంది.

మా పరిచయం ఉత్తరాల డబ్బాల దగ్గర జరిగింది. ఆవిడ ఓ పెద్ద కవరు గాలిలోనే విప్పింది. కాగితాలు ఎగిరాయి, నేను పరిగెత్తి ఏరాను. ఏరుతూ అలవాటు కొద్దీ చదివాను. అవి వాళ్ళ తాత మరణ ధ్రువీకరణ పత్రాలూ అవీ. పుట్టిన చోటు అన్న గడిలో "ఐర్లాండ్" అని ఒక్క మాట ఉంది.

"ఈ కాగితం ఎందుకూ పనికిరాదు. ఊరు లేదు" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పన్నెండేళ్ళుగా నేనూ అదే అంటున్నాను. లోపలికి రా, టీ తాగుదువుగాని" అంది.

అలా మొదలైంది. వాళ్ళ తాతదీ నాయనమ్మదీ మేయో అనే కౌంటీ అని ఇంట్లో చెప్పుకునేవారట, అంతకుమించి ఎవరికీ తెలియదు. ఈవిడ కోరిక ఒకటే. టూర్ బస్సు ఎక్కకుండా, గైడు వెంట పడకుండా, సొంతంగా కారు తీసుకుని ఆ పల్లెకి పోయి, ఆ ఇంటి ముందు నిలబడాలి. మోకాళ్ళు ఇంకా మాట వింటున్నప్పుడే పోవాలి. ఏ పల్లె అన్నది తేలాలి కదా! పన్నెండేళ్ళూ తాత పేరు పట్టుకుని వెతికింది. ఆ పేరుతో ఆ కౌంటీలో అదే ఈడువాళ్ళు నలభైమంది ఉన్నారు.

నేను చేసిన మొదటి పని శుద్ధ తప్పు. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే కాబట్టి, వాళ్ళ ఇంటిపేరుతో ఊరెక్కడుందో పట్టుకుంటే చాలనుకున్నాను. లైబ్రరీ నుంచి ఐర్లాండ్ పటాల పుస్తకం తెచ్చి, భూతద్దం పెట్టుకుని మూడు వారాలు ఊళ్ళ పేర్లు వరసన చదివాను. ఆవిడకు సంగతి తెలిసి టీ కప్పు పక్కన పెట్టి మరీ నవ్వింది. వాళ్ళ ఇంటిపేరు ఫలానా వాడి మనవడు అని చెబుతుంది తప్ప ఊరు చెప్పదట. మూడు వారాలు నా పక్కన కూర్చుని ఆ మాట ముందే చెప్పొచ్చుగా! నాకు ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషంలోనే అడిగాను.

"సరే, మీ నాయనమ్మ పుట్టిల్లు ఎక్కడ?"

"ఆవిడ వేరే ఇంటి మనిషి కదా. నేను వెతికేది తాతవాళ్ళని."

"మీ నాన్నగారు అమెరికాలో పుట్టారు. అంతకుముందు ఎవరైనా ఐర్లాండ్‌లోనే పుట్టారా?"

"పెద్ద మేనత్త. చేతుల్లో బిడ్డతో ఓడ దిగారు."

"అయితే ఆ బిడ్డ బాప్తిజం వెతకాలి. తాత ఊళ్ళో కాదు, మీ నాయనమ్మ పుట్టింట్లో. తొలిపురుడు పుట్టింట్లోనే పోస్తారు."

"అది మీ దేశంలో" అంది.

"ఏ దేశమైనా పదిహేడేళ్ళ పిల్లకు నొప్పులొస్తే అమ్మ దగ్గరికే పోతుంది" అన్నాను.

ఊరికే మొండికి పోయి అన్న మాట అది. అయినా వెతికాం. ఒక చర్చి వెనక గదిలో పాత రిజిస్టర్ల మైక్రోఫిల్ములు తెప్పించుకుని చూసే వీలుండేది. వారానికి రెండు మధ్యాహ్నాలు నేనే కారు నడుపుకుంటూ ఆవిడను తీసుకెళ్ళేదాన్ని. చీకటి గదిలో పెద్ద మిషను ముందు కూర్చుని చక్రం తిప్పుతుంటే గుంటూరు షెడ్డులో కూర్చున్నట్టే ఉండేది. జనవరి ఆఖర్లో పాప దొరికింది. తాత కోసం ఆవిడ అన్నేళ్ళూ తిరగేసిన చర్చి పుస్తకాల్లో కాదు, ఎప్పుడూ తెరవని ఓ చిన్న చర్చి పుస్తకంలో. తల్లి పేరు, తండ్రి పేరు, వాటి కింద బాప్తిజానికి సాక్షిగా నిలబడిన మనిషి పేరు. ఆ సాక్షిది నాయనమ్మ పుట్టింటి పేరు. పిల్లకి మేనమామ! మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టించే జాతిలో పుట్టిన నాకు అతను అక్కడ నిలబడి ఉండటంలో వింతేమీ కనిపించలేదు. మామ్మగారు మాత్రం తెర మీది ఆ పేరు మీద వేలుంచి చాలాసేపు తీయలేదు. తర్వాత నన్ను కావలించుకుంది. నాలుగేళ్ళలో మా ఆయన కాక నన్ను ముట్టుకున్న మనిషి ఆవిడే.

అక్కణ్ణుంచి దారి సులువు. నూట యాభై ఏళ్ళ నాటి భూమిశిస్తు పుస్తకం ఒకటి ఉంది వాళ్ళకు, అచ్చం మన అడంగల్. ఎవరి సాగులో ఎంత నేల, ఇల్లు ఉందా లేదా, అన్నీ రాసి ఉంటాయి. ఆ చర్చి కిందికి వచ్చే ఒక పల్లెలో నాయనమ్మ పుట్టింటి పేరుతో రెండే ఇళ్ళు తేలాయి. ఒకటి రోడ్డు పక్కన, ఎగువన. ఇంకోటి పల్లంలో, లోపలికి. అన్నదమ్ములవి అయ్యుండాలి. ఏది మనదన్నది పుస్తకం చెప్పలేదు. నేను ఎగువదానికి పెన్సిల్‌తో గుర్తు పెట్టి పక్కన ప్రశ్నార్థకం వేశాను.

ప్రయాణం మే నెలలో అనుకున్నాం. తొమ్మిది రోజులు. అప్పుడే ఆవిడ అంది, "అక్కడ కారు ఎడమపక్క నడపాలి. ఈ వయసులో నా వల్ల కాదు. నువ్వు రాకూడదా?"

నేను గుంటూరులో మా బాబాయి మారుతీ కారు మీద నేర్చుకున్నదాన్ని. ఎడమపక్క నడపడం నా చేతుల్లోనే ఉంది. అమెరికా వచ్చాకే కుడిపక్క నేర్చుకోవడానికి చచ్చేచావైంది. ఆవిడ ఆ మాట అనగానే నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. ఆ నాలుగేళ్ళలో నేను వెళ్ళిన ప్రతిచోటికీ మా ఆయన వెంట వెళ్ళాను. ఆయన ఆఫీసు పార్టీకి ఆయన భార్యగా, ఆయన స్నేహితుల ఇళ్ళకు ఆయన భార్యగా. దారి తెలిసిన మనిషిగా, నేను లేకపోతే జరగని పనికి, నన్ను ఎవరో పిలవడం అదే మొదలు.

మా ఆయన్ని అడిగితే వెంటనే సరే అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నందుకు ఆ రోజు గుత్తి వంకాయ కూర చేసిపెట్టాను కూడా. ఐర్లాండ్ వీసాకు ఫారాలు నింపి, ఫోటోలు అంటించి, పాస్‌పోర్టుతో కలిపి కవర్లో పెట్టాను. "ఇలా ఇవ్వు, ఆఫీస్ నుంచి ఓవర్‌నైట్‌లో పంపిస్తా. ట్రాకింగ్ కూడా ఉంటుంది" అని తీసుకెళ్ళాడు. అది ఫిబ్రవరి.

ఇక నేను ప్లాను రాయడం మొదలుపెట్టాను. నాకు వచ్చిన రాత ఒకటే, దస్తావేజు రాత. ఏ రోజు ఎక్కడ బయలుదేరాలి, ఎన్ని మైళ్ళు, ఏ మలుపు దగ్గర ఏ చర్చి కనబడుతుంది, అన్నీ వరసన రాశాను. ప్రతి మజిలీకీ నాలుగు హద్దులు రాశాను. తూర్పు ఫలానా వాగు, పడమర ఫలానా రోడ్డు. తప్పిపోయినవాడు ఏ పక్క నుంచి వచ్చినా హద్దు తగులుతుందని. బస చేసే ఇళ్ళవాళ్ళకు ఈమెయిళ్ళు రాసి గదులు మాట్లాడాను. ఇద్దరు ఆడవాళ్ళం, రెండు మంచాలు, ఒకరికి మాంసం లేని టిఫిను అని. మార్చిలో ఆ పల్లె చర్చి ఫాదరీకి చేత్తో ఉత్తరం రాశాను. రెండిళ్ళలో ఏది ఫలానా వాళ్ళదో తెలిసినవాళ్ళు ఉంటే చెప్పించండి, మే పన్నెండు పదమూడు తేదీల్లో మేమిద్దరం వస్తున్నాం, ఒకరు ఆ ఇంటి ఆడపడుచు మనవరాలు, ఇంకొకరు ఇండియా మనిషి, అంటే నేను. కింద నా పేరు, మా ఇంటి అడ్రసు రాశాను.

మధ్యలో మామ్మగారు ఒక కోరిక కోరింది. ఎడమపక్క నడపడం గురించి ఓ రెండు పేజీలు రాసిపెట్టమంది. "పక్కన కూర్చున్నదాన్ని, నాకూ తెలియాలి కదా" అంది. నిజమే కదా అనుకుని బొమ్మలు వేసి మరీ రాశాను. రౌండెబౌట్ దగ్గర ఎటు తిరగాలి, ఎవరికి ముందు దారివ్వాలి, ఇరుకు రోడ్డులో ఎదురుగా ట్రాక్టరొస్తే ఎటు తప్పుకోవాలి. గుంటూరులో ట్రాక్టర్ల మధ్య నేర్చుకున్న విద్యంతా అందులో పెట్టాను.

వీసా ఏమైందని వారానికోసారి అడిగేదాన్ని. "ప్రాసెసింగ్‌లో ఉంది, చూపిస్తోంది" అనేవాడు మా ఆయన. నేను నమ్మాను. ఈ దేశంలో వీసా అన్నాక ప్రాసెసింగ్‌లోనే ఉంటుంది.

ఏప్రిల్ మూడో శనివారం ప్లాను పూర్తయింది. నలభై పేజీలు. కాపీ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించి, పైన ప్లాస్టిక్ అట్ట వేయించి, తిన్నగా మామ్మగారింటికి పట్టుకెళ్ళాను. తలుపు తీసే ఉంది. వంటింట్లో బల్ల దగ్గర నలభై ఏళ్ళావిడ ఒకామె కూర్చుని ఉంది. మామ్మగారి చెల్లెలి కూతురట, ఒహాయో నుంచి వచ్చిందట. ఆమె చేతిలో నేను రాసిన ఆ రెండు పేజీలున్నాయి. నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"ఓ, ఇది రాసింది నువ్వేనా! భలే రాశావు. ఒక్క డౌట్. రౌండెబౌట్‌లో రెండు లేన్లుంటే నేను ఏది పట్టుకోవాలి?"

ఆమె 'నేను' అంది. నేను ఏది పట్టుకోవాలి అని.

మామ్మగారి ముఖం చూశాను. అందులో సమాధానం ఉంది.

"మీ ఆయన నీకు చెప్పలేదా? తనే చెబుతానన్నాడు" అంది.

"ఏం చెబుతానన్నాడు?"

"మేలో మీ అత్తమామలు వస్తున్నారని. నువ్వు రావడం కుదరదని. ఫిబ్రవరిలో ఒకరోజు మంచు తీస్తూ ఆగి చెప్పాడు. నీకు నెమ్మదిగా తనే చెబుతాడట, నన్ను అనవద్దన్నాడు."

ఫిబ్రవరి! ఆ తర్వాత ఆవిడతో ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నాను, ఎన్ని టీలు తాగాను, ఏ సీటులో ఎవరు కూర్చోవాలో ఎన్నిసార్లు నవ్వుకున్నాం. కారు కిటికీ దించి నీకు సముద్రం చూపిస్తానంది. అది మార్చిలో అన్నమాట.

"రెండు నెలలు," అన్నాను. "రెండు నెలలుగా తెలిసి నాతో రాయించుకున్నారు."

ఆవిడ కళ్ళు దించుకుంది. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. "చెబితే ఆపేస్తావేమోనని భయపడ్డాను. ఎవరు చేస్తారు నాకిదంతా? నేను తప్పు చేశాను" అంది.

చెల్లెలి కూతురు ఆ రెండు పేజీలు మెల్లగా బల్ల మీద పెట్టింది. నేను ఫైలు కూడా అక్కడే పెట్టి వచ్చేశాను. ఎందుకు వెనక్కి తెచ్చుకోలేదో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. రాయడం అయ్యాక కాగితం పార్టీది, రాసినవాడిది కాదు. మా నాన్న బల్ల దగ్గర అబ్బిన అలవాటు అది.

మా ఆయన టీవీ చూస్తున్నాడు. "నా పాస్‌పోర్టు ఎక్కడుంది?" అన్నాను.

నా ముఖం చూసి లేచి, లాప్‌టాప్ బ్యాగు తెచ్చి, లోపలి అర తీశాడు. నేనిచ్చిన కవరు నేనిచ్చినట్టే ఉంది. అంటించిన ఫోటోల్లో నేను పళ్ళు కనబడకుండా బుద్ధిగా నవ్వుతున్నాను.

"అమ్మావాళ్ళకి టికెట్స్ మే ఫస్ట్ వీక్‌కి బుక్ చేశాను. సీట్స్ అప్పుడే దొరికాయి" అన్నాడు.

"జూన్ అన్నారు నాతో."

"చెబుదామనుకున్నా. చెబితే ఫీలవుతావు. నువ్వు లేకుండా వాళ్ళిద్దరికీ ఇక్కడెవరున్నారు చెప్పు? నాకా లీవ్ లేదు, ఆఫీసులో ప్రాడక్ట్ లాంచ్ ఉంది."

"రావద్దని నేను అన్నానా? ఒక్క మాట ముందు చెబితే నేను ఆ తేదీలు మార్చేదాన్ని కదా! రోజూ కళ్ళెదురుగా రాస్తుంటే చూస్తూ ఎలా కూర్చున్నారు?"

ఆయన కాసేపు రిమోట్ బటన్లు ఊరికే నొక్కాడు. తర్వాత, నిజంగా నా మేలు కోరి చెబుతున్నట్టు, మెత్తగా అన్నాడు. "అది కాదే. నీకు కాలక్షేపంగా ఉంది కదా. ఈ వింటర్ మొత్తం నువ్వు ఒక్కసారి కూడా ఏడవలేదు. ఎందుకు చెడగొట్టడం అనిపించింది."

కాలక్షేపం! పసిపిల్ల ఏడవకుండా గిలక చేతికిచ్చి ఇద్దరూ చెరో పక్క కూర్చున్నారన్నమాట. ఒకరికి నా ఏడుపు తప్పింది, ఒకరికి నా పని దక్కింది. ఆయన చెడ్డవాడని నేను ఎవరితోనూ చెప్పలేదు, చెబితే ఎవరూ నమ్మరు కూడా. ఆ రాత్రి అన్నం వడ్డించాను. ఆ తర్వాత చాలాకాలం వడ్డన తప్ప మా మధ్య ఇంకేమీ జరగలేదు.

తర్వాతి మంగళవారం ఉత్తరాల డబ్బాలో పచ్చటి స్టాంపు వేసిన కవరు కనిపించింది. పైన నా పేరు, ముసలి దస్తూరీతో. ఉత్తరాల డబ్బా దగ్గరే నిలబడి చదివాను. రాసింది ఆ ఇంటి పెద్దాయన, ఫాదరీ నా ఉత్తరం ఆయనకు అందించాడట. ఆయన, ఆ బాప్తిజానికి సాక్షిగా నిలబడిన మేనమామకు మనవడు. డెబ్బై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇంట్లోనే ఉన్నాడు. రోడ్డు పక్క ఎగువ ఇల్లు మాది కాదు, అది పెదతాతవాళ్ళది, కప్పు లేచిపోయి యాభై ఏళ్ళయింది, అక్కడ ఆగకండి అని రాశాడు. దాని పక్క మట్టిదారిలో కిందికి రండి, పడమర వైపు నీలం గేటు ఉంటుంది, అదే మనది. మా తాత చెల్లెలు ఓడెక్కిన రోజు ఎటు నడిచి పోయిందో నేను చూపిస్తాను. పన్నెండు పదమూడు రెండు రోజులూ ఇంటి దగ్గరే ఉంటాను.

పడమర హద్దు నీలం గేటు. నేను వెతికింది అంతా ఆ ఒక్క ముక్క కోసమే. చదివి ఉత్తరం మడిచి, కందిపప్పు డబ్బా వెనక పెట్టాను. అప్పుడు ఇవ్వకూడదని నిర్ణయమేమీ చేసుకోలేదు. ఊరికే పెట్టాను, అంతే.

మా అత్తమామలు వచ్చారు. మామ్మగారు ప్రయాణానికి ముందురోజు తలుపు కొట్టింది. చేతిలో అరటిపండు కేకు. ఆవిడ అలసిపోయి కనిపించింది. లోపలికి రమ్మనలేదు నేను. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఆ ఫాదరీ దగ్గర్నుంచి జవాబేమైనా వచ్చిందా?"

"లేదు" అన్నాను.

నా వెనక అలమరలో, నాలుగడుగుల దూరంలో ఉంది ఆ ఉత్తరం. నా మాట తడబడలేదు. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు. కేకు తీసుకుని థాంక్స్ కూడా చెప్పాను.

మే చివరలో తిరిగొచ్చింది. ఫోటో చూడటానికి రమ్మని మూడుసార్లు కబురుపెడితే, మా అత్తగారు మొహమాటపెట్టి పంపింది. హాల్లో గోడకు పెద్ద ఫ్రేము. కప్పు లేని రాతిగోడల మధ్య మామ్మగారు, ఒక రాయి మీద అరచెయ్యి ఆనించి, ఏడుస్తూ నవ్వుతోంది. వెనక రోడ్డు కనబడుతోంది. ఎగువ ఇల్లు.

"ఈ రాయి మీదే మా నాయనమ్మ కూర్చుని ఉంటుంది అనిపించింది" అంది. "అన్నీ నీ ప్లాను ప్రకారమే జరిగాయి. ఒక్క మలుపు తప్పలేదు."

"బాగుంది" అన్నాను. నాకు కడుపులో చల్లగా అనిపించింది. దాచడమెందుకు, సంతోషమే అది. పన్నెండేళ్ళు వెతికి, నా నలభై పేజీలు పట్టుకుని పోయి, ఎవరి గోడనో పట్టుకుని ఏడ్చి వచ్చింది. బాగా అయిందనుకున్నాను. ఇంటికి వచ్చి మా అత్తగారితో కలిసి గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూ చాలా రోజుల తర్వాత పాట కూడా కూనిరాగం తీశాను.

ఆ సంతోషం పదిహేను రోజులుంది. జూన్ మధ్యలో పచ్చ స్టాంపుతో ఇంకో కవరు వచ్చింది. పైన మళ్ళీ నా పేరే.

చదివి, మొదటి ఉత్తరం కూడా తీసి, రెండూ పట్టుకుని పక్కింటికి నడిచాను. మా అత్తగారు ఎక్కడికమ్మా అని అడుగుతూనే ఉంది. మామ్మగారు తలుపు తీసింది. రెండు కవర్లూ చేతిలో పెట్టాను. హాల్లో కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిది చదివింది. చివరిదాకా చదివి, కవరు తిప్పి, దాని మీద పడిన ముద్రలో తేదీ చూసింది. నేను దాన్ని చెరిపేయలేదు కాబట్టి అక్కడే ఉంది.

"నేను అడిగిన రోజుకి ఇది నీ దగ్గర ఉంది" అంది.

"ఉంది."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరవడానికి సిద్ధంగా వెళ్ళాను. ఫిబ్రవరి నుంచీ లెక్కపెట్టి, ఒక్కొక్క మధ్యాహ్నాన్నీ ముఖాన కొట్టాలని. ఆవిడ లేచి, గోడ మీది ఫ్రేము తీసి, బోర్లించి బల్ల మీద పెట్టింది. తర్వాత రెండో ఉత్తరం నాకిచ్చి, "నీ పేరుతో వచ్చింది. నువ్వు చదువు" అంది.

చదివాను. మీకు గాని మీ అమెరికా ఆవిడకు గాని ఒంట్లో బాగోలేదేమోనని దిగులుగా ఉంది, అని మొదలుపెట్టాడు. పన్నెండో తేదీ ఎండ కాసిందట, అందుకని బయట మూడు కుర్చీలు వేశాడట. మధ్యాహ్నం ఎగువన రోడ్డు మీద ఒక కారు చాలాసేపు ఆగితే, మీరేనేమోనని నీలం గేటు దాకా వచ్చి చెయ్యూపాడట. వాళ్ళు ఇటు చూడలేదు, ఎవరో టూరిస్టులు అయ్యుంటారు అని రాశాడు. పదమూడున మళ్ళీ కుర్చీలు వేశాడు. ఇక్కడిదాకా చదివాను. ఆ కింద రాసింది చదవలేకపోయాను. మామ్మగారు నా చేతిలోంచి కాగితం తీసుకుని, తనే పైకి చదివింది.

"ఇండియావాళ్ళు టీలో పాలు ఎక్కువ పోసుకుంటారని ఫాదరీ చెప్పాడు. మా ఇంట్లో అన్ని పాలు వాడం. మీ కోసం పక్కింటివాళ్ళను అడిగి తెచ్చి పెట్టాను. మమ్మల్ని వెతికి పట్టుకున్నది మీరు. ఆవిడ మా రక్తమే, ఎప్పుడైనా వస్తుంది. మిమ్మల్ని చూడాలని నాకెక్కువగా ఉండింది."

ఆ నలభై పేజీల ప్రయాణంలో నా కోసం కుర్చీ వేసిన మనిషి ఆయనొక్కడే. నన్ను ఇద్దరు మోసం చేశారని వాళ్ళ మీద కసి తీర్చుకున్నాననుకున్నాను. ఆ కసితో నేను రెండు రోజులు గేటు దగ్గర నిలబెట్టింది ఆయన్ని.